కాలిన పసిబిడ్డకు సహరీ లేని రోజా ఎందుకు?



రోజా ఎవరి మీద ఫర్జ్ అని మక్తబ్‌లో అలిఫ్ బే దిద్దుకునే పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. బీమార్‌కు, ముసాఫిర్‌కు రుఖ్సత్ ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు. రోజా హుకుం వచ్చిన చోటే, సూరె బఖరాలోనే, ఆ ఆసానీ కూడా వచ్చింది. ఇక బాలిగ్ కాని పసిపిల్లల మీద రోజా అసలు ఫర్జే కాదు.

మరి ఒళ్లు కాలిన మూడేళ్ల బిడ్డను చూడండి. కొత్తచెరువు నుంచి అనంతపురానికో, కర్నూలుకో, బెంగళూరుకో మోసుకెళ్లిన బిడ్డ. బీమార్ తనే, ముసాఫిర్ తనే, నాబాలిగ్ కూడా తనే. ఆ బిడ్డ వారానికి రెండు మూడు సార్లు పద్నాలుగు, పదహారు గంటలు పస్తుంటోంది. “రాత్రి పన్నెండు తర్వాత నోట్లో చుక్క పోయొద్దు, పొద్దున ఆపరేషన్” అని వార్డులో ఒక మాట పడుతుంది, అంతే. ఆ రోజాకు సహరీ లేదు. ఇఫ్తార్ ఎప్పుడో ఎవరికీ తెలీదు.

సాఫ్‌గా చెబుతున్నా. ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉండాలన్నది నిజం. అందరు పిల్లలకూ, అన్నిటికీ రాత్రి పన్నెండు నుంచే ఖాళీగా ఉండాలన్నది నిజం కాదు. వైద్యం అడిగేది కొద్ది గంటలు. ఆ పైన ఉన్నదంతా వార్డు ఆదత్. కాలిన బిడ్డ విషయంలో ఆ ఆదత్ జుల్మ్. నోరు మూసుకుని కూర్చుంటున్న మనకూ ఆ జుల్మ్‌లో హిస్సా ఉంది.

అసలు హుకుం ఎంత?

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. మెలకువలో ఉన్నప్పుడు నీళ్లు పొరబోతే దగ్గుతాం. మత్తు ఇచ్చాక ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణాల మీదికి వస్తుంది. ఫాఖా అందుకే. ఇందులో బహస్ లేదు. మత్తు డాక్టర్ “పాలు పట్టొద్దు” అంటే పట్టొద్దు.

బహస్ అంతా గంటల దగ్గరే. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 1999లోనే లెక్క కట్టి చెప్పింది. నీళ్ల లాంటి తేట ద్రవాలు ఆపరేషన్‌కు 2 గంటల ముందు దాకా తాగవచ్చు. తల్లిపాలు 4 గంటల ముందు దాకా. డబ్బా పాలు, ఆవు పాలు, బర్రె పాలు అయితే 6 గంటల ముందు ఆపాలి. తేలిక తిండికీ అదే 6 గంటలు. నూనె, మాంసం ఉన్న తిండికి ఇంకా ఎక్కువ, 8 గంటలు అనుకోండి. ఈ లెక్కను వాళ్లు తర్వాత చాలాసార్లు తిరగేసి చూశారు కానీ “అర్ధరాత్రి నుంచి అంతా బంద్” అని ఎన్నడూ వెనక్కు పోలేదు.

యూరప్‌లో ఇంకా ముందుకెళ్లారు. 2018లో బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్, యూరప్ పిల్లల మత్తు డాక్టర్ల సంఘాలు కలిసి, పిల్లలకు తేట ద్రవాలు ఒక్క గంట ముందు దాకా ఇవ్వవచ్చన్నాయి. 2022లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలు అదే ఖాయం చేసి, తల్లిపాలను 3 గంటలకు తగ్గించాయి. మన దేశంలో ఇండియన్ సొసైటీ ఆఫ్ అనస్తీషియాలజిస్ట్స్ కూడా 2020లో ఆపరేషన్ ముందు ఉపవాసం గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు అచ్చువేసింది. అందులో పిల్లల సంగతి విడిగా చూశారు. కాబట్టి “అవన్నీ ఫారిన్ మాటలు, మనకు పనికిరావు” అనే బహానా చెల్లదు.

స్వీడన్‌లోని ఉప్సాలాలో పిల్లల్ని థియేటర్‌లోకి పిలిచే నిమిషం దాకా తేట ద్రవాలు తాగనిచ్చారు. పది వేల పైచిలుకు కేసుల లెక్క 2015లో బయటపెట్టారు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి దిగిన కేసులు పది వేలకు మూడు. పిల్ల కడుపులో నీళ్లు నిలవవు, చూస్తుండగానే కిందికి జారిపోతాయి. అందుకే పాలకు ఒక లెక్క, నీళ్లకు ఒక లెక్క.

ఇప్పుడు దీన్ని మన గడియారంలో పెట్టి చూడండి. ఆపరేషన్ పొద్దున తొమ్మిదికి. 2 గంటల లెక్కన చూసినా ఏడు దాకా చక్కెర నీళ్లు తాగవచ్చు. తల్లిపాలు తాగే బిడ్డకు అయిదు దాకా పాలివ్వవచ్చు. బర్రె పాలు తెల్లవారుజాము మూడు దాకా. అంటే సహరీకి టైం ఉంది. ఆ సహరీని మన బిడ్డ నోటి దగ్గర నుంచి లాక్కున్నది వైద్యం కాదు.

పన్నెండు గంటల మాట ఎక్కడిది?

కత్తి పట్టే డాక్టర్లకు శుభ్రత నేర్పిన జోసెఫ్ లిస్టర్, 1883లోనే కడుపులో గట్టి తిండి ఉండకూడదు కానీ రెండు గంటల ముందు ఒక కప్పు టీ మంచిదే అన్నాడు. అంటే నూట నలభై ఏళ్ల కిందటే తిండిని, ద్రవాన్ని వేరుగా చూశారు.

1946లో న్యూయార్క్ డాక్టర్ మెండెల్సన్ కాన్పుల కేసులు 44,016 తిరగేశాడు. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిన కేసులు 66 దొరికాయి. చనిపోయింది ఇద్దరు. ఆ ఇద్దరూ గట్టి తిండి అడ్డుపడి పోయినవాళ్లే. ఆ భయం ప్రపంచమంతా పాకింది. పాకే దారిలో తిండికీ నీళ్లకూ తేడా చెరిగిపోయి, “అర్ధరాత్రి తర్వాత అంతా బంద్” అనే ఒక్క మాట మిగిలింది. ఆ మాట వార్డుకు సులువు. ఒక్కో పిల్లకు ఒక్కో టైం రాయనక్కర్లేదు. లిస్టు ముందుకూ వెనక్కూ జరిగినా ఎవర్నీ మళ్లీ అడగనక్కర్లేదు. సులువు వార్డుది, భూక్ బిడ్డది.

మన దగ్గర ఇలాంటి విషయాల్లో సవాల్ చేసే రివాజ్ లేదని కొందరంటారు. అబద్ధం. 1888, 1889లలో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ దవాఖానాలో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫాం మత్తులో మనుషులు ఎందుకు చనిపోతున్నారన్నది సవాల్. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. రెండో కమిషన్ కోసం నిజాం సర్కార్ తన ఖజానా నుంచి వెయ్యి పౌండ్లు ఇచ్చి, లండన్ లాన్సెట్ పత్రిక పంపిన లాడర్ బ్రంటన్‌ను పిలిపించింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరని చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఆ హైదరాబాద్ నుంచే వచ్చింది. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదని ఆ కమిషన్లు చెప్పిన జవాబు తప్పని 1911లో తేలింది. తేలితే తేలనీ. మత్తులో మనిషి ప్రాణం ఎలా కాపాడాలని అడగడానికి ఖర్చుపెట్టారు, వాళ్ల జవాబును తర్వాతివాళ్లు పరీక్షించి దిద్దారు. ఇల్మ్ అలాగే నడుస్తుంది. 1940ల భయాన్ని పట్టుకుని 2020ల బిడ్డను ఎండబెట్టడం ఇల్మ్ కాదు, తఖ్లీద్.

కాలిన ఒంటి సంగతి వేరు

ఏ పిల్లకైనా ఎక్కువ ఫాఖా చెడ్డదే. కాలిన పిల్లకు ఇంకా చెడ్డది. ఎందుకో కొంచెం ఓపికగా చదవండి.

మన ఒంటికి గ్లూకోజ్ కావాలి, ముఖ్యంగా దిమాగ్‌కు. తిననప్పుడు కాలేయం తన దగ్గర దాచుకున్నది తీసి ఇస్తుంది. పెద్దవాళ్ల ఒంట్లో కిలో బరువుకు నిమిషానికి 2, 3 మిల్లీగ్రాముల గ్లూకోజ్ తయారవుతుంది. పసిపిల్లలకు 5 నుంచి 8 దాకా కావాలి. పది కిలోల బిడ్డకు 6 చొప్పున వేసుకోండి. గంటకు మూడున్నర గ్రాములు దాటుతుంది. పన్నెండు గంటలకు నలభై గ్రాములు దాటుతుంది. ఆ బిడ్డ చిన్న కాలేయం అంత దాచుకోలేదు. కొద్ది గంటలకే ఖజానా ఖాళీ. ఆ తర్వాత ఒళ్లు తన కండనూ కొవ్వునూ కరిగించుకుని బతుకుతుంది. రక్తంలో కీటోన్లు పెరుగుతాయి. బిడ్డ నీరసపడుతుంది, వాంతి చేసుకుంటుంది, చిరాకుతో ఎవరి మాటా వినదు. “మొండిపిల్ల” అని సిస్టర్ కసురుకుంటుంది. మొండితనం కాదమ్మా, అది భూక్, ప్యాస్.

ఇక కాలిన గాయం. ఒంట్లో నలభై శాతం పైన కాలితే, కదలకుండా పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి మామూలు కంటే రెట్టింపు దగ్గరకు పోతుంది. చర్మం పోయిన చోట నుంచి వేడి పోతుంది, నీరు పోతుంది, ప్రోటీన్ పోతుంది. కొత్త చర్మం కట్టుకోవడానికి మసాలా కావాలి. ఆ మసాలా తిండి నుంచి రాకపోతే కండ నుంచి వస్తుంది. అందుకే కాలిన కేసుల్లో తొలి రోజు నుంచే, వీలైతే తొలి గంటల నుంచే ముక్కు గొట్టంతోనైనా తిండి మొదలుపెట్టమంటారు. ఒక చేత్తో గొట్టం వేసి తిండి పోస్తూ, ఇంకో చేత్తో వారానికి మూడు రోజులు ఆ గొట్టం మూసేస్తే ఏం ఫాయిదా?

లెక్క వేళ్ల మీద వేద్దాం. ఒక బిడ్డకు నెలలో పది సార్లు మత్తు కింద డ్రెస్సింగో, చచ్చిన చర్మం తీయడమో, తొడ చర్మం తీసి అతికించడమో జరిగిందనుకోండి. ఒక్కోసారి పద్నాలుగు గంటల ఫాఖా. మొత్తం నూట నలభై గంటలు. ఆరు పగళ్లు, ఆరు రాత్రులకు కొంచెం తక్కువ. నెలలో ఆరు రోజులు అన్నం పెట్టకుండా గాయం మానలేదేమని అడుగుతున్నాం. అతికించిన చర్మం పట్టలేదని, చీము పట్టిందని, తఖ్దీర్ అని అంటున్నాం. తద్బీర్ చేయకుండా తఖ్దీర్‌ను తిట్టడం మనకు దీన్ నేర్పిన అదబ్ కాదు.

ఇంకో పేచీ ఉంది. కాలిన తర్వాత ఒంట్లో అలజడి వల్ల షుగర్ పైకి కూడా పోతుంది. అందుకని “షుగర్ బాగానే ఉంది, ఏం కాదు” అని వదిలేస్తారు. కానీ అదే బిడ్డకు గుండె దడ, ఒంటి ఖర్చు తగ్గించడానికి ప్రొప్రనొలాల్ ఇస్తూ ఉండొచ్చు. ఆ మందు మీద ఉన్న పిల్లను ఎక్కువసేపు పస్తుంచితే షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఇన్సులిన్ ఇస్తున్న పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా మత్తులో ఉన్న పిల్ల చెమట పట్టిందని, కళ్లు తిరుగుతున్నాయని చెప్పలేదు. వేలికి సూది గుచ్చి చూస్తేనే తెలుస్తుంది. అరనిమిషం పని. కాబట్టి అడగాల్సింది గ్లూకోజ్ సెలైన్ విచ్చలవిడిగా ఎక్కించమని కాదు. షుగర్ చూడమని, చూసి దానికి తగ్గట్టు చేయమని.

లిస్టులో ఆఖరి పేరు ఎవరిది?

పెద్దాసుపత్రుల్లో థియేటర్ లిస్టు ఎలా వేస్తారో తెలిస్తే ఈ జుల్మ్ లోతు తెలుస్తుంది. శుభ్రమైన కేసులు ముందు, చీము ఉన్న కేసులు చివర. థియేటర్‌లో ఇన్ఫెక్షన్ పాకకుండా అలా చేస్తారు, దానికి కారణం ఉంది. కానీ కాలిన గాయం చీము కేసు కిందికి వస్తుంది. కాలినవాళ్లకు విడి థియేటర్ లేని చోట ఆ బిడ్డ పేరు అడుగున పడుతుంది. ఆకలికి అందరికంటే ముందు కూలిపోయే బిడ్డను అందరికంటే వెనక నిలబెట్టి, ఫాఖా మాత్రం మొదటి కేసుతో పాటే మొదలుపెట్టిస్తున్నారు. పేరు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ఒక్కోసారి మూడింటికి “ఈరోజు కాదు, రేపు” అని వస్తుంది. ఆ సాయంత్రం నాలుగు ముద్దలు తిన్నాక పన్నెండుకు మళ్లీ బంద్.

మా బంధువుల్లో ఒక చిన్నపిల్ల మీద స్నానానికి కాగుతున్న నీళ్లు పడ్డాయి. ఆసుపత్రి పేరు రాయను. అది ఒక్క ఆసుపత్రి జబ్బు కాదు. రెండు రోజులు వరసగా పేరు లిస్టులో చివర పడి, రెండు రోజులూ ఆపరేషన్ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ పిల్ల ఏడవడం మానేసింది. “చూడండి, ఎంత సబ్ర్ ఉందో పిల్లకు” అన్నారు పక్కనున్న పెద్దమనిషి ఒకరు. పెద్దాయన, నేనేమీ అనలేదు. ఇక్కడ అంటున్నా. ఏడవడానికి తాఖత్ లేకపోవడాన్ని సబ్ర్ అనకండి.

మానిపోయిన గాయాలకూ ఇదే కథ. చెయ్యో మెడో ముడుచుకుపోతే నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్‌కు పిలుస్తారు. “పొద్దున్నే ఖాళీ కడుపుతో రండి” అని చీటీ మీద రాస్తారు. పొద్దున్నే అంటే మన ఊరి నుంచి ఎప్పుడు బయల్దేరాలి? తెల్లవారకముందే ఆటో, ఆ తర్వాత బస్సో రైలో. ఆ చీటీ రాసిన చెయ్యికి ఆ దారి తెలీదు. చెప్పాల్సింది మనం.

మనలో ఉన్న ఖరాబీ

ఆసుపత్రిని అన్నాను కదా, ఇక మన ఇంటి వైపు తిరుగుతా.

మనలో రెండు రకాల తప్పు నడుస్తోంది. ఒకటి, ఎక్కువ తాబేదారీ. డాక్టర్ సాబ్ చెప్పారంటే అంతే, ఎన్ని గంటలని అడగం. ఆకలిని ఓర్చుకోవడం మనకు రంజాన్ నేర్పింది కాబట్టి, పిల్ల కూడా ఓర్చుకుంటే సవాబ్ అనుకుంటాం. అయ్యా, రోజాలో సవాబ్ ఉన్నది నియ్యత్ చేసుకున్నవాడికి. తన చేతిలో లేని ఆకలితో అల్లాడే మూడేళ్ల పిల్లకు ఏ నియ్యత్ ఉంది? మనం పెద్దవాళ్లమే సహరీ చేస్తాం. సహరీలో బర్కత్ ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ బర్కత్ పెద్దవాళ్లకే రాసిపెట్టారా?

రెండో తప్పు దానికి పూర్తిగా ఉల్టా. దాచిపెట్టి తినిపించడం. నానీ అనండి, జేజి అనండి, వాళ్ల దిల్ ఆగదు. సిస్టర్ అటు తిరగగానే కొంగులోంచి బిస్కెట్ తీస్తారు. పాలసీసా పెడతారు. ఖజూర్ నోట్లో వేస్తారు. తర్వాత డాక్టర్ అడిగితే “ఏమీ పెట్టలేదు” అంటారు. ఇది పిల్ల ప్రాణంతో జూదం. నీళ్లకు రెండు గంటలు చాలు కానీ బిస్కెట్‌కు చాలవు, పాలకు చాలవు. పొరపాటున పెట్టి ఉంటే తిట్లు తిన్నా సరే చెప్పండి. ఆపరేషన్ వాయిదా పడితే పడనీ. ఆ ఒక్క నిజం బిడ్డ ఊపిరి.

ఈ రెండు తప్పులకూ తల్లి ఒకటే. గంటల లెక్క ఎవరూ చెప్పకపోవడం. నీళ్లు ఏడు దాకా ఇవ్వవచ్చని తెలిసిన నానీ ఎనిమిదింటికి దొంగతనంగా బిస్కెట్ ఎందుకు పెడుతుంది? మొత్తం బంద్ అన్న చోటే చోరీ పుడుతుంది.

తేట ద్రవం అంటే ఏమిటో కూడా ఖుల్లాగా చెప్పుకుందాం. గాజు గ్లాసులో పోస్తే అవతల మీ వేళ్లు కనబడాలి. నీళ్లు, చక్కెర నీళ్లు, గుజ్జు లేకుండా వడగట్టిన పండ్ల రసం అందులోకి వస్తాయి. పాలు కలిసిన చాయ్ రాదు. గంజి రాదు, రాగి జావ రాదు. సబ్జా గింజలు వేసిన షర్బత్ రాదు. దర్గా నుంచి తెచ్చిన తబర్రుక్, దమ్ చేసిన నీళ్లు, జమ్‌జమ్ ఏదైనా సరే, కడుపు దృష్టిలో నీళ్లు నీళ్లే, మిఠాయి మిఠాయే. ఇవ్వాలంటే టైం లోపలే ఇవ్వండి. థియేటర్ తలుపు దగ్గర పట్టకండి.

డాక్టర్ల జవాబుకు నా జవాబు

“కాలిన పిల్లల కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, అందుకే ఎక్కువ గంటలు” అంటారు కొందరు డాక్టర్ సాబ్‌లు. సగం నిజం. పెద్దగా కాలిన తొలి రోజుల్లో పేగులు మొద్దుబారతాయి. నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులూ కడుపును నెమ్మది చేస్తాయి. ముఖం, గొంతు కాలిన పిల్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అలాంటి బిడ్డకు ఎక్కువ గంటలు కావాలంటే చెప్పండి, సర్ ఆంఖోం పర్. కానీ అది ఆ బిడ్డను చూసి చెప్పాల్సిన మాట. వార్డు మొత్తానికి ఒకే తాళం వేయడానికి అది బహానా కాకూడదు. మూడో వారంలో మంచం మీద కూర్చుని ఆడుకుంటున్న పిల్లకు తొలి రోజు కారణం ఎలా వర్తిస్తుంది? ఇంకో మాట. గొంతులో ఊపిరి గొట్టం ముందే ఉన్న పిల్లలకు, పేగులోకి గొట్టం దింపి, ఆపరేషన్ జరుగుతుండగా కూడా తిండి ఆపని కేంద్రాలు ప్రపంచంలో ఉన్నాయి. అంటే అడ్డు కడుపు కాదు, ఆలోచన.

“లిస్టు ఎప్పుడు ఏమవుతుందో తెలీదు, నీళ్లు తాగనిస్తే ముందు పిలవలేం” అంటారు. లిస్టు మొదటి గంట తెలుసు కదా. ఏడో నంబర్ కేసు ఎనిమిదింటికి రాదని అందరికీ తెలుసు కదా. ఆ పిల్లకు పదింటికి ఒకసారి కప్పు చక్కెర నీళ్లు ఇమ్మని థియేటర్ నుంచి వార్డుకు ఒక ఫోన్ చేస్తే చాలు. ఫోన్ చేసే మనిషి లేడంటే, అందుకు బిడ్డ కడుపు ఎందుకు జుర్మానా కట్టాలి?

“జనానికి చెప్పినా అర్థం కాదు, నీళ్లంటే పాలు పడతారు” అంటారు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట. రంజాన్‌లో సహరీ ఖతం, ఇఫ్తార్ షురూ నిమిషాలతో సహా అచ్చువేసిన కార్డు ప్రతి ఇంటి గోడ మీద అతికించుకునే ఖౌమ్ మాది. 4.52 అంటే 4.52. నిమిషం దాటితే గ్లాసు కింద పెట్టేస్తాం. మాకు గంటల లెక్క అర్థం కాదా? తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం మీద మూడు టైంలు రాసి మంచానికి తగిలించండి. మేం పాటించకపోతే అప్పుడు అనండి.

ఏం చేయాలి?

ఇంట్లో పిల్ల కాలితే ముందు చల్లటి కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, ఐసు పెట్టకండి. 108కి ఫోన్ చేయండి. అది ఈ రాత అసలు విషయం కాదు కానీ చెప్పకుండా పోవడం సరికాదు. ప్రపంచంలో ఏటా సుమారు 1,80,000 మంది కాలిన గాయాలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారని కూడా అదే సంస్థ లెక్క. చిన్నపిల్లల్లో ఎక్కువ భాగం మంట కాదు, వేడి నీళ్లు, చాయ్, సాలన్. షాదీల్లో దేగ్‌లు నేల మీద పెట్టి పిల్లల్ని చుట్టూ తిరగనిచ్చే మనం ఆ లెక్కలో ఉన్నాం.

ఆసుపత్రిలో ఆపరేషన్ మాట రాగానే అమ్మీ గానీ అబ్బా గానీ నాలుగు సవాళ్లు అడగండి. గట్టిగా అరవక్కర్లేదు, అదబ్‌తోనే అడగండి. ఒకటి, మా బిడ్డ లిస్టులో ఎన్నో నంబర్, సుమారు ఏ టైం? రెండు, పాలు ఏ గంట దాకా, నీళ్లు ఏ గంట దాకా? మూడు, టైం వెనక్కు పోతే నీళ్లు ఇవ్వవచ్చని మాకు ఎవరు చెబుతారు? నాలుగు, పస్తున్నప్పుడు షుగర్ ఎన్నిసార్లు చూస్తారు? జవాబు మత్తు డాక్టర్ నుంచి రావాలి, వరండాలో ఎవరో చెప్పిన మాట కాదు. నేను రాసిన గంటలు కూడా మీరు సొంతంగా అమలు చేయడానికి కాదు, అడగడానికి. ఆ జవాబును కాగితం మీద రాయించుకోండి. సర్కారు ఉచిత వైద్య పథకం కింద చేర్చిన బిడ్డ అయితే అక్కడ ఆ పథకం తరఫున సాయం చేసే మనిషి కూర్చుని ఉంటారు. ఈ సవాళ్లు అడగడానికి ఆయన సాయం తీసుకోండి. ఉచిత వైద్యం ఖైరాత్ కాదు, హఖ్. ఉచితంగా చూస్తున్నారు కదా అని నోరు కుట్టుకోవాల్సిన పని లేదు.

ఆసుపత్రుల్ని నేను అడిగేవి మూడే. “పన్నెండు తర్వాత బంద్” అనే మాటను పిల్లల వార్డు నుంచి తీసేయండి. కాలిన పిల్లకు విడి థియేటర్ ఇవ్వలేకపోతే, ఆఖరి నంబర్ పిల్లకు ఆఖరి నంబర్ లెక్కనే ఫాఖా పెట్టండి. ఆపరేషన్ రద్దయితే ఆ నిమిషమే చెప్పండి, ఆ బిడ్డకు అన్నం పెట్టించండి. వీటికి కొత్త మెషీన్ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

మన మస్జిద్ కమిటీలను అడిగేది ఒకటి. కొత్తచెరువులో, పెనుకొండలో, ధర్మవరంలో, హిందూపురంలో రంజాన్ రాత్రుల్లో వీధి వీధికీ తిరిగి సహరీకి లేపే నౌజవాన్లు ఉన్నారు. పెద్దాసుపత్రుల్లో మన ఊళ్ల వాళ్లు పడుకుని ఉంటే పరామర్శకు వెళ్తారు, పండ్లు పట్టుకెళ్తారు. పండ్లతో పాటు ఒక ఫోన్ నంబర్ ఇచ్చి రండి. మూడు రాత్రులుగా నిద్రలేని తల్లికి తెల్లవారుజామున ఒక ఫోన్ చేయండి. డాక్టర్ రాసిన టైం లోపల లేచి, బిడ్డకు కప్పు నీళ్లు పట్టమని గుర్తుచేయండి. సహరీకి లేపడం మీకు వచ్చిన పనే.

బీమార్‌కు అల్లాహ్ మాఫీ చేసిన ఆకలిని వార్డు బోర్డు మీద మళ్లీ రాసే హక్కు ఎవరికీ లేదు. అవసరమైన గంటలు తీసుకోండి, బిడ్డ ప్రాణం కోసం ఇస్తాం. ఆ పైన ఒక్క గంట కూడా ఇవ్వం.

ఆసుపత్రి మంచాల మీద ఉన్న పిల్లలందరికీ అల్లాహ్ షిఫా ఇవ్వాలి. అడగాల్సిన చోట అడిగే హిమ్మత్ మనకు ఇవ్వాలి. ఆమీన్.